కోనసీమ కతోలిక విచారణలు: ఉపదేశి నడిచిన దారి

కోనసీమలో సువార్త చరిత్రను కతోలికులతో మొదలుపెడితే అది నిజాయితీ అనిపించుకోదు. విలియం బౌడెన్, జార్జి బీర్ 1836లో ఇంగ్లండు నుంచి వచ్చారు. ఆ తర్వాత నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల వారు నాటిన పనే గోదావరి డెల్టా మిషన్‌గా పెరిగి వశిష్ఠ దాటింది. రాజమండ్రిలో లూథరన్లు స్థిరపడ్డారు. 1874 నుంచి కాకినాడ కేంద్రంగా కెనడా బాప్తిస్టులు పనిచేశారు. అందుకే నేటికీ రాజోలు, అమలాపురం, కొత్తపేట పల్లెల్లో సిలువ కనిపించిన ప్రతి గుడీ కతోలిక గుడి కాదు. చాలా పేటల్లో కతోలికులు కొద్దిమందే. ఆ కొద్దిమంది నూరేళ్లకు పైబడి ఎలా నిలిచారన్నదే చెప్పుకోదగ్గ కథ.

ఈ నేల స్వభావం తెలియనిదే ఆ కథ అర్థం కాదు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలు ఈ సీమను ముక్కలు చేశాయి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, వైనతేయ మీదుగా కాలువను దాటించిన పి.గన్నవరం అక్విడక్టు ఈ సీమను పంటభూమిగా మార్చాయి. నీరొచ్చింది, వరి వచ్చింది, కొబ్బరి విరగ్గాసింది. దారి మాత్రం పడవ దారే. రేవులో పంటు లేకపోతే ప్రయాణం ఆగినట్టే. ఒక గురువు ఒక విచారణ (పారిష్)లోని పల్లెలన్నీ చుట్టి రావాలంటే కాలువలో పడవ, లంకలో కాలినడక, మళ్లీ రేవు. వరదల నెలల్లో ఆ మాత్రమూ వీలయ్యేది కాదు.

గౌతమికి అవతలి ఒడ్డున యానాం ఉంది. 18వ శతాబ్దం మొదట్లోనే ఫ్రెంచివారు అక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. ఫాదర్ మిషెల్ లెక్నామ్ పునాది వేసిన పునీత అన్నమ్మ గుడి ఆయన కన్నుమూశాక 1846లో పూర్తయింది. ఆ ఏడాదే సవాయ్ ప్రాంతపు ఆన్సీ నుంచి పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు విశాఖపట్నం చేరారు. 1849లో అదే ఆన్సీ నుంచి పునీత జోజప్ప సభ మఠకన్యలు యానాంలో దిగి ఆడపిల్లలకు చదువు చెప్పారు. మరుసటి ఏడాది విశాఖపట్నం ప్రత్యేక మిషన్ పీఠమైంది. రోము నుంచి వచ్చిన ఆ ఏర్పాటుతో కళింగాంధ్ర తీరానికి ఒక కాపరి దొరికాడు. కానీ ఫ్రెంచి ఏలుబడి నీడన లేచిన గుడికీ, ఏటికి ఇవతల కూలి చేసుకునే పేటకూ మధ్య దూరం ఏటి వెడల్పుతో కొలిచేది కాదు. గుడి కట్టినంత మాత్రాన సంఘం కట్టినట్టు కాదన్న పాఠం యానాం ఒడ్డునే మొదలైందని నా అభిప్రాయం.

తెలుగు నేలపై కతోలిక విశ్వాసానికి అంతకు ముందే ఒక దారి ఉంది. 1701లో పుంగనూరు వైపు వచ్చిన జెస్విట్ల కర్ణాటక మిషన్, రాయలసీమ నుంచి గుంటూరు సీమకు తరలివెళ్లిన రెడ్డి కుటుంబాలు, 18వ శతాబ్దపు నడిమి కాలంలో మంగళగిరి ఆనందకవి రాసిన వేదాంత రసాయనము అన్నీ ఆ దారిలోవే. అది భూమి ఉన్నవారి విశ్వాసం, పద్యం చెప్పగల విశ్వాసం. డెల్టాలో జరిగింది వేరు. ఇక్కడ సువార్తను ముందుగా చేతులు చాచి అందుకున్నవారు మాలపేట, మాదిగపేటల వ్యవసాయ కూలీలు. ఊరి చెరువు నీళ్లు ముట్టరానివారికి జ్ఞానస్నానపు నీళ్లు అందాయి. దేవుని గుడిలోకి నేరుగా నడిచి వెళ్లగలిగారు. ఆ ఒక్క అడుగు ఆ తరం వారికి ఏమిచ్చిందో లెక్కకట్టడం కష్టం. కేవలం మిషన్ పంచే గోధుమ నూక కోసం, బడి కోసం వచ్చారని తేల్చేసే మాట నేను ఒప్పుకోను. నూక పంపిణీ ఆగిపోయి దశాబ్దాలైంది. ఆ కుటుంబాలు ఇప్పటికీ సాయంత్రం జపమాల చెప్పుకుంటున్నాయి.

ఆ జపమాల నేర్పినవాడు ఉపదేశి.

కోనసీమ విచారణను అసలు కట్టినవాడు ఉపదేశేనన్నదే ఈ వ్యాసం మొత్తంలో నేను చెప్పదలచినది. గురువు వచ్చేది నెలకో, పండుగకో. మిగతా రోజులన్నీ ఉపదేశివే. పొలం పని ముగించుకొని వచ్చిన వారిని దీపాలవేళ గుడిపాకలో కూర్చోబెట్టి పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం, పది ఆజ్ఞలు ఒక్కో ముక్కా చెప్పించేవాడు. చదువు రాని పెద్దవారు వాటిని నోటితోనే నేర్చుకున్నారు, నోటితోనే మనవళ్లకు అప్పగించారు. ప్రాణం మీదికి వచ్చిన పసికందుకు జ్ఞానస్నానం ఇచ్చేవాడు. ఆపద సమయంలో ఎవరైనా ఇవ్వవచ్చని శ్రీసభ చట్టమే చెబుతోంది. ఎవరైనా పోతే సమాధి దగ్గర జపాలు చెప్పేవాడు. భార్యాభర్తల తగవు, గట్టు తగవు ఆయన గుమ్మం దాకా వచ్చేవి. అర్జీ రాయాలన్నా, ఉత్తరం చదివించుకోవాలన్నా ఆయనే. రేయి బడి నడిపి అక్షరాలు దిద్దించినవాడూ ఆయనే. జీతం చాలీచాలనిది, బియ్యమో కొబ్బరికాయలో విశ్వాసులు ఇచ్చిందే ఆసరా.

"ఫాదరుగారు రేవు దాటేరంట" అన్న కబురు అందగానే పేట అంతా కదిలేది. అరుగులు అలికేవారు, మామిడాకులు కట్టేవారు. ఎవరి పెళ్లి పూర్తి కావాలో, ఎవరి బిడ్డకు జ్ఞానస్నానం కావాలో, ఎవరు పాపసంకీర్తనకు రావాలో ఉపదేశి దగ్గర జాబితా సిద్ధంగా ఉండేది. గురువు లాటిన్‌లో పూజ చేస్తుంటే జనం తెలుగులో జపమాల చెప్పేవారు. ఇదంతా నడిచింది ఉపదేశి వెనక ఆయన భార్య ఉండబట్టి. పేటలోని ఆడవారికి జపాలు నేర్పింది, బాలింతల ఇళ్లకు వెళ్లింది, వచ్చినవారికి అన్నం వండింది ఆవిడే. ఆవిడకు జీతం అన్న ఊసే లేదు. కృష్ణా, ఏలూరు ప్రాంతాల్లో పనిచేసిన ఇటలీ గురువు సిల్వియో పాస్క్వాలి 1914లో పునీత అన్నమ్మ పేరిట ఉపదేశ మఠకన్యల సభను స్థాపించారు. ఇంటింటికీ నడిచే ఆడ ఉపదేశులు లేనిదే పల్లెల్లో విశ్వాసం ఇంటి లోపలికి వెళ్లదని ఆయన గ్రహించారు. మిషన్ చరిత్రలో ఇంత ముందుచూపుతో తీసుకున్న నిర్ణయాలు అరుదు.

వియ్యాలది మరో దారి. పశ్చిమ గోదావరి కతోలిక పల్లెల నుంచి కోడళ్లుగా వచ్చినవారు మరియమాత పటాన్నీ, జపమాలనూ సారెతోపాటు తెచ్చుకున్నారు. విశ్వాసం ఇలా చుట్టరికం వెంట పాకడం వల్లే కొన్ని పేటలు మొత్తంగా నిలిచాయి. అందువల్లే అది కులం గట్టు దాటలేకపోయింది కూడా.

పాలనా మార్పుల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. 1937లో బెజవాడ మేత్రాసనమైంది. అక్కడ మిలాను నుంచి వచ్చిన పీమే సభ గురువులు పనిచేశారు. 1976 డిసెంబరు 9న విజయవాడ నుంచి విడదీసి ఏలూరు మేత్రాసనాన్ని ఏర్పాటు చేశారు. దాని తొలి పీఠాధిపతి జాన్ ములగాడ మూడు దశాబ్దాలకు పైగా కాపరిగా ఉన్నారు. పశ్చిమ గోదావరితో పాటు కోనసీమ విచారణలూ ఆ మేత్రాసనంలోకి వచ్చాయి. పీఠం దగ్గరపడిందంటే గురువులూ మఠకన్యలూ దగ్గరపడ్డారన్న మాటే.

అంతకంటే పెద్ద మార్పు రోములో జరిగింది. 1962 నుంచి 1965 దాకా సాగిన రెండవ వాటికన్ మహాసభ పూజను ప్రజల భాషలోకి తెచ్చింది. గురువు జనం వైపు తిరిగి తెలుగులో పూజ చెప్పిన ఆదివారం ఒక తరం జ్ఞాపకంలో నిలిచిపోయింది. 1969లో భారతీయ ఆచారాలకు అనుమతి వచ్చేనాటికే మన పల్లెల్లో చెప్పులు గుడి బయట విడిచి, చాప మీద కూర్చొని పూజ వినడం మామూలు. హార్మోనియం, డోలక్, తాళాలతో పాట గుడిలోకి వచ్చింది. కాపు దిగినప్పుడు తొలి కొబ్బరి గెల పీఠం ముందు పెట్టడం కోనసీమ సొంత ముద్ర. జెస్విట్ గురువు పూదోట జోజయ్య బైబులు భాష్య సంపుటావళి సామాన్య కతోలికుడి చేతికి లేఖనాన్ని అర్థంతో సహా అందించింది. బైబులు చదవడంలో ప్రొటెస్టెంటు పొరుగువారి కంటే మనం వెనకబడ్డామన్న మాట నిజమే. ఆ లోటు పూడ్చడానికి జరిగిన ప్రయత్నాల్లో దీన్ని ముందు వరుసలో పెడతాను.

కులం సంగతి దాటవేస్తే సింహావలోకనం అసంపూర్ణం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా లేకుండా చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచినా క్రైస్తవులకు తెరవలేదు. మన రాష్ట్రంలో వారు బీసీ-సీ కింద ఒక్క శాతం వాటాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. దాంతో ఎందరో గుడిలో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు మోస్తూ బతికారు. జ్ఞానస్నాన రిజిస్టరులో పేరుండడమే భయమైన ఇళ్లున్నాయి. ఈ గాయానికి చట్టం ఒక్కటే కారణం కాదు. శ్రీసభ లోపల కూడా వివక్ష ఉందని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో ప్రకటించిన దళిత సాధికారత విధానంలో ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు ఆలస్యంగా వచ్చింది, అయినా రావలసిందే. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ ఆయనే. పేటల్లో ఆ రోజు కలిగిన సంతోషం ఒక మనిషికి దక్కిన గౌరవం గురించి మాత్రమే కాదు.

సంఘం నిజంగా సంఘమా అన్నది తుపానులో తెలుస్తుంది. 1986 ఆగస్టు గోదావరి వరద లంకలను ముంచింది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కొబ్బరి తోటలను కూకటివేళ్లతో పెకలించింది, వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. అలాంటి వేళల్లో గట్టి శ్లాబు ఉన్న గుడి, బడి ఏ మతం వారిదైనా అందరికీ ఆశ్రయమే. గంజి కేంద్రం దగ్గర ఎవరి సంఘం ఏదని ఎవరూ అడగరు. సువార్తను ప్రసంగాల్లో వినని ఊరు కూడా ఆ గంజి ముంతలో చూసింది. పల్లెల్లో కతోలికులకు మిగిలిన మంచిపేరులో ఎక్కువ భాగం ఇలాంటి రోజుల్లో సంపాదించిందే.

ఆ తర్వాత వంతెనలు వచ్చాయి. దిండి–చించినాడ, బోడసకుర్రు–పాశర్లపూడి, బాలయోగి పేరిట ఎదుర్లంక–యానాం వారధి ఒకదాని వెంట ఒకటి అక్కడి రేవులను చరిత్రలో కలిపేశాయి. గురువు మోటారు సైకిలుపై ఒకే ఆదివారం రెండు మూడు పల్లెల్లో పూజ చేసి రాగలిగాడు. ఇది మేలే. కానీ గురువు సులువుగా అందేసరికి ఉపదేశి అక్కర తీరిపోయిందనుకున్నారు. ముసలి ఉపదేశులు కన్నుమూస్తుంటే వారి చోట కొత్తవారు రాలేదు. ఆదివారం పూజ ఉంది, మిగతా ఆరు రోజులు ఖాళీ. ఆ ఖాళీలోకి కొత్త ప్రార్థన మందిరాలు వచ్చాయి. రోగి ఇంటికి రాత్రి వేళ వచ్చి తల మీద చెయ్యి వేసి ప్రార్థించే పాస్టరును జనం నమ్మారు. వారిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. ఒకప్పుడు ఆ పని చేసింది మన ఉపదేశే.

చిన్న క్రైస్తవ సమాజాలు ఆ లోటు తీర్చడానికి పుట్టినవే. పదిహేను, ఇరవై ఇళ్లవారు ఒక ఇంట చేరి లేఖనం చదువుకోవడం, వీధిలో ఎవరికి జబ్బో, ఎవరికి బాకీ ఒత్తిడో తెలుసుకోవడం వాటి పని. నడిచిన చోట ఇవి అద్భుతంగా నడిచాయి. గురువు ఒత్తిడి మీద పెట్టినవి జపమాల వంతుల జాబితాగా మిగిలాయి. మరియదళం సభ్యులూ విన్సెంట్ డి పాల్ సభవారూ ఇంకా గుమ్మాలు తడుతున్న పల్లెల్లో పరిస్థితి మెరుగు. ఇంతలో కోనసీమ ఆడవారు కువైట్, మస్కట్, దుబాయి దారి పట్టారు. కువైట్, మస్కట్‌లలో సెలవు శుక్రవారం కాబట్టి అక్కడ ఆదివారపు పూజకు శుక్రవారమే వెళ్లేవారు ఉన్నారు. ఇంటి దగ్గర బిడ్డల జపం ఫోనులో వింటారు. నేడు కోనసీమ విచారణ అంటే ఈ పల్లెలతో పాటు ఆ తల్లులు కూడా.

2021 మే 10న ఫ్రాన్సిస్ జగద్గురువులు ఉపదేశి పనిని శ్రీసభలో అధికారిక పరిచర్యగా నెలకొల్పారు. మన పల్లెల్లో నూరేళ్లుగా జరిగిన దానికి అది ఆలస్యపు గుర్తింపు. ఆ ఉత్తర్వు కోనసీమలో అమలు కావాలంటే ప్రతి పేటలోనూ ఒక స్త్రీనో పురుషుడినో ఎంచుకోవాలి, శిక్షణ ఇవ్వాలి, బతకడానికి సరిపడా జీతం ఇవ్వాలి. గుడి గోపురానికి చందా పోగుచేయగలిగినవారికి ఇది కష్టం కాదు.

ఇంకొక్క విన్నపం. మన గుళ్లలో పనిచేసిన గురువుల పేర్లు పాలరాతి మీద ఉన్నాయి, ఉపదేశుల పేర్లు లేవు. పాత జ్ఞానస్నాన రిజిస్టర్లు తేమకు చీకిపోతున్నాయి. వాటిలో జ్ఞానతండ్రిగా, సాక్షిగా ఉపదేశి సంతకం చాలాచోట్ల ఉంటుంది. విచారణ పెద్దలు, చదువుకున్న యువతీయువకులు ఈ ఏడాదిలోనే ఆ పుటలను ఫోటో తీసి భద్రపరచండి. మీ పేటలో ఎనభై దాటిన వారి దగ్గర కూర్చొని తమకు జపాలు నేర్పినవారి పేరేమిటో, ఆయన భార్య పేరేమిటో అడిగి రాసిపెట్టండి.