9999 ఆటల కేసెట్టు - కొనుక్కోవాలా, చేసుకోవాలా?

మొన్న సంక్రాంతికి పిఠాపురం వెళ్ళినప్పుడు అటక మీద సామాన్లు దింపుతుంటే మా పాత టీవీ వీడియో గేమూ, దాని పసుపురంగు కేసెట్టూ బయటపడ్డాయి. కేసెట్టు మీద '9999 ఇన్ 1' అని గొప్పగా రాసుంటుంది. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో నేనూ, అన్నయ్యా కూర్చుని లెక్కపెట్టాం. ముప్ఫై దాటాక అవే ఆటలు వేరే పేర్లతో మళ్ళీ మొదలు! అదే ఆటని మూడో లెవెల్ నుంచి మొదలుపెడితే అదో కొత్త ఆట అన్నమాట.

టీవీకి తగిలించి చూశాను. తెర నిండా గళ్ళు. అలవాటు ప్రకారం కేసెట్లో 'ఉఫ్' అని ఊదాను. (ఊదితే పనిచేస్తుందనేది మన భ్రమే. తీసి మళ్ళీ పెట్టడం వల్ల కాంటాక్టు కుదురుతుంది, అంతే. నోటి తేమకి పిన్నులు ఇంకా పాడవుతాయి.) స్పిరిట్ పెట్టి తుడిస్తే మెనూ వచ్చింది. సముద్రం, పైన ఎగిరే పిట్టలు, అదే పాట. ఏ ఆట నొక్కినా మాత్రం అక్కడే ఆగిపోతోంది.

అన్నయ్యకి ఫోన్ చేస్తే, "ఫ్లాష్ కేసెట్ ఒకటి కొని పడేయరా, అన్ని ఆటలూ ఎస్‌డీ కార్డులో వేసుకోవచ్చు. ఎందుకొచ్చిన తద్దినం!" అన్నాడు. నిజమే. కానీ కొనాలా, మనమే చేసుకోవాలా అని ఆలోచిస్తూ కూర్చుంటే విషయం చాలా వెనక్కి వెళ్ళింది.

మనం కేసెట్ అని పిలిచినా అందులో టేపు ఉండదు. 1983 జూలై 15న జపాన్‌లో నింటెండో విడుదల చేసిన ఫ్యామిలీ కంప్యూటర్‌లో (ఫామికామ్ అంటారు) ప్రాసెసర్‌కి ఉన్న ర్యామ్ 2 కేబీ మాత్రమే. ఆట మొత్తం కేసెట్లోని రామ్ చిప్పుల్లో (ఈ 'రామ్' చదవడానికే, రాయడానికి కాదు) ఉంటుంది. ప్రాసెసర్ 60 పిన్నుల ద్వారా దాన్ని నేరుగా చదువుకుంటుంది. 1985లో వచ్చిన సూపర్ మారియో మొత్తం 40 కేబీ: ప్రోగ్రామ్ 32, బొమ్మలు 8. మామూలుగా ఆ మెషీన్‌కి ఒకేసారి కనిపించేది కూడా అంతే. అంతకన్నా పెద్ద ఆట కావాలంటే ముక్కలు ముక్కలుగా మార్చి చూపించే సర్క్యూట్ కేసెట్లోనే పెట్టాలి. దాన్నే మ్యాపర్ అంటారు.

అమెరికాలో 1985లో అమ్మిన మోడల్‌కి నింటెండో తాళం చిప్ పెట్టింది. జపాన్ ఫామికామ్‌కి అది లేదు. తైవాన్‌లో యూఎంసీ లాంటి కంపెనీలు దాని చిప్పులకి నకళ్ళు చేశాయి. ఆ నకళ్ళే 1992 నుంచి రష్యాలో 'డెండీ' అయ్యాయి, చైనాలో 'సుబోర్' అయ్యాయి, మన బజార్లోకి రకరకాల పేర్లతో వచ్చాయి. అంటే మన చిన్నప్పటి మారియో ఆట దొంగ కాపీ, ఆడిన మెషీన్ కూడా నకలే! 9999 కేసెట్ కూడా ఎవరో ఇంజనీర్ కూర్చుని 'చేసుకున్నదే'. కాపీ కొట్టిన ఆటల్ని ఒక చిప్పులో కుక్కి, సొంత మ్యాపర్ కట్టి, పైన పిట్టల మెనూ రాశాడు.

పోనీ, ఒకే కేసెట్లో ఆటలు మార్చుకోవడం దొంగల ఆలోచనేనా అంటే అదీ కాదు. 1986లో నింటెండోనే ఫామికామ్‌కి డిస్క్ సిస్టమ్ తెచ్చింది. దుకాణానికి డిస్క్ పట్టుకెళ్ళి 500 యెన్లు ఇస్తే కొత్త ఆట రాసిచ్చేవాళ్ళు. 1997లో సూపర్ ఫామికామ్‌కి అచ్చంగా ఫ్లాష్ మెమరీ కేసెట్టే తెచ్చి, లాసన్ దుకాణాల్లో ఆటలు రాసిచ్చారు.

ఇక ఇప్పటి సంగతి. కొనేదాంట్లో ఎవర్‌డ్రైవ్ లాంటివి ఉన్నాయి. వాటిలో ఉండే ఎఫ్‌పీజీఏ చిప్ ఏ ఆటకి ఏ మ్యాపర్ కావాలో ఆ వేషం వేస్తుంది. చవక రకాలతో జాగ్రత్త. పాత మెషీన్ 5 వోల్టులది, కొన్నిట్లో 3.3 వోల్టుల చిప్పుల్ని మధ్యలో ఏమీ లేకుండా నేరుగా తగిలించేస్తారు.

చేసుకోవడం కూడా బ్రహ్మవిద్య కాదు. మారియోకి రెండు ఈప్రామ్‌లు చాలు, మ్యాపర్ అక్కర్లేదు. అమెరికా వెర్షన్ కాంట్రా 128 కేబీ. దానికి 74161 ఒకటి, 7432 ఒకటి, 8 కేబీ ర్యామ్ ఒకటి కలపాలి. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే ఇలాంటి సామాన్లు దొరుకుతాయి. కాకపోతే ఒక్కో ఆటకి ఒక్కో కేసెట్ అవుతుంది. కాబట్టి ఆడుకోవడానికైతే అన్నయ్య మాటే రైటు, కొనుక్కోవడమే.

కానీ నాకు కావాల్సింది మారియో కాదని అప్పుడు తెలిసింది. మారియోని నింటెండో దాచుకుంటుంది, ప్రపంచమంతా దాచుకుంటుంది. ఆ పిట్టల మెనూని, తప్పుల తడక పేర్లతో ఉన్న ఆ జాబితాని ఎవరు దాస్తారు? అలాంటి కేసెట్లు రకానికో మ్యాపర్‌తో ఉంటాయి, చేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. లోపల చిప్ మీద నల్లటి తారుబొట్టు లాంటిది పోసేస్తారు కాబట్టి ఊడదీసి చదవడం కూడా కుదరదు. పిన్నుల మీదుగానే చదవాలి. మా కేసెట్లో ఉన్నది నేను చదవకుండా చెత్తలో వేస్తే, అది మళ్ళీ ఇంకెక్కడైనా దొరుకుతుందన్న గ్యారంటీ లేదు.

అందుకని చేయబోయేది ఇదీ. పక్కింటివాళ్ళ చచ్చిపోయిన వీడియో గేమ్ ఒకటి అడిగి తెచ్చాను. దాని 60 పిన్నుల సాకెట్ ఊడదీసి, ఒక మైక్రోకంట్రోలర్ బోర్డుకి తగిలించి, ముందు కేసెట్ చదివే పరికరం చేస్తాను. ఆ మ్యాపర్ ఎలా పనిచేస్తుందో తెలిశాక కొత్త బోర్డు మీద మా 9999ని మళ్ళీ కడతాను. ఫ్లాష్ కేసెట్ కొనడం ఆ తర్వాతే.

అన్నయ్యకి చెప్తే కాసేపు నవ్వి, "సరేలే, అయ్యాక మెనూ వచ్చినప్పుడు వీడియో కాల్ చెయ్, పాట విందాం" అన్నాడు.

మీ అటక మీద కూడా ఒక పసుపు కేసెట్ ఉండే ఉంటుంది. పాత సామాన్లవాడికి వేసే ముందు ఒక్కసారి స్పిరిట్‌తో తుడిచి చూడండి. ఊదకండి మాత్రం!