కవల ప్రత్యర్థి (కథా పాత్ర)

కథానాయకుడి పోలికలతోనే పుట్టి, అతనికే ఎదురు నిలిచే తోబుట్టువు పాత్ర కవల ప్రత్యర్థి. తెలుగువాళ్లకు ఈ పాత్ర వాలిగా రామాయణంలో, డబుల్ యాక్షన్‌గా సినిమాలో ఎప్పటినుంచో తెలుసు. వీడియో గేములు ఆడే తరానికి మాత్రం అది జపాన్ సంస్థ క్యాప్‌కామ్ తయారుచేసిన ‘డెవిల్ మే క్రై’ ఆటల్లోని వర్జిల్. మామూలు ప్రతినాయకుడికి పగ ఉంటే చాలు, దానికి కారణం అడిగేవాళ్లుండరు. ఇతని పగకు మాత్రం చిన్ననాటి గాయమో, అపార్థమో మూలంగా ఉంటుంది. కథ ఇతన్ని ఓడించినా, చంపినా, అంతకుముందు ఇతని మాట విని తీరుతుంది.

వాలి సుగ్రీవులు

వాలి ఇంద్రుడి వల్ల, సుగ్రీవుడు సూర్యుడి వల్ల పుట్టారు కాబట్టి వీళ్లు కవలలు కారు. రూపంలో మాత్రం ఒకరికొకరు నకలు. మాయావి అనే రాక్షసుణ్ణి తరుముతూ వాలి గుహలోకి వెళ్తాడు. ఏడాదిపాటు గుహ ముంగిట కాచుకున్న సుగ్రీవుడు లోపలినుంచి నెత్తురు పారడం చూసి, అన్న చనిపోయాడనుకుని, బండ అడ్డంపెట్టి కిష్కింధకు తిరిగొస్తాడు. మంత్రులు అతనికే పట్టం కడతారు. ప్రాణాలతో తిరిగొచ్చిన వాలికి ఇదంతా కుట్రగానే కనిపించింది. తమ్ముడి రాజ్యాన్నీ, భార్య రుమనూ లాక్కుని తరిమేశాడు. రుమను చెరపట్టడం దగ్గర వాలి పక్షాన వాదించడం కష్టం. అంతవరకూ అన్నదమ్ములిద్దరి మాటా న్యాయంగానే వినిపిస్తుంది. ఈ పాత్ర బలమంతా అక్కడే ఉంది.

పోలిక వల్ల వచ్చే చిక్కును కథ నేరుగా వాడుకుంది. మొదటిసారి ఇద్దరూ కలబడినప్పుడు ఎవరు ఎవరో తెలియక, సుగ్రీవుడి పక్షాన నిలిచిన రాముడు బాణం వేయలేకపోయాడు. సుగ్రీవుడు దెబ్బలు తిని ఋష్యమూకానికి పారిపోయాడు. రెండోసారి లక్ష్మణుడు అతని మెడలో గజపుష్పి తీగను దండగా వేశాడు. బాణం తగిలి పడిపోయిన వాలి, చెట్టుచాటునుంచి కొట్టడం ఏం ధర్మమని రాముణ్ణే నిలదీస్తాడు. ఆ తర్వాత తన కాంచనమాలను తమ్ముడికిచ్చి కొడుకు అంగదుణ్ణి అప్పగిస్తాడు. ప్రత్యర్థి తమ్ముడి మీద ప్రేమతో చనిపోయే ఈ ముగింపును తర్వాతి కథలు రకరకాలుగా తిరగరాశాయి.

మెట్‌పల్లి, జగిత్యాల వైపు పల్లెల్లో, ఉమ్మడి కరీంనగర్ జిల్లా అంతటా, రైతులూ చేతిపనులవాళ్లూ చిరుతలు పట్టుకుని వలయంగా తిరుగుతూ పాడి ఆడే చిరుతల రామాయణం ఉంది. ఇలాంటి ఆటలో అన్నదమ్ముల వేషాలు కట్టేది వేర్వేరు మనుషులు. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి అయినా సరే, ఒక్క పోలికే అని నమ్మే బాధ్యత చూసేవాళ్లది. సినిమాకు వచ్చేసరికి ఈ లెక్క తిరగబడింది. ఒకే నటుణ్ణి చూస్తూ వీళ్లు ఇద్దరని నమ్మాలి.

సినిమాలో

దక్షిణాదిలో ఈ పాత్ర మొదట ఫ్రాన్సు నుంచి వచ్చింది. పద్నాలుగో లూయీకి ఒక కవల సోదరుడున్నాడన్న అలెగ్జాండర్ డ్యూమా కథ తమిళంలో 1940లో ‘ఉత్తమ పుత్రన్’ అయింది. అదే పేరుతో 1958లో శివాజీ గణేశన్‌తో మళ్లీ తీసినప్పుడు దర్శకుడు మన తాతినేని ప్రకాశరావు. ఒకే తల్లికి పుట్టి, ఒకడు క్రూరుడైన రాజుగా, ఇంకొకడు జనం మనిషిగా పెరిగిన కథ అది.

తెలుగులో దారి వేరు. 1964లో డి.రామానాయుడు తన సురేష్ ప్రొడక్షన్స్ తొలి చిత్రంగా, తాపీ చాణక్య దర్శకత్వంలో తీసిన ‘రాముడు భీముడు’లో ఎన్టీఆర్ పోషించిన కవలలిద్దరూ మంచివాళ్లే. పిరికివాడి స్థానంలోకి ధైర్యవంతుడు వచ్చి దుర్మార్గుడి పనిపట్టడమే కథ. చాణక్యే దీన్ని తమిళంలో ఎమ్జీఆర్‌తో (1965), హిందీలో దిలీప్ కుమార్‌తో (1967) తీశారు. దాంతో కవలలంటే స్థానాలు మారి తికమకలు పుట్టించేవాళ్లన్న అచ్చు స్థిరపడింది. ఇ.వి.వి.సత్యనారాయణ ‘హలో బ్రదర్’ (1994) కూడా ఆ అచ్చులోదే. ఒకరికి దెబ్బ తగిలితే రెండోవాడికి నొప్పెట్టే కవలలు పోట్లాడుకుంటే ఏమవుతుందో ఎవరైనా ఊహించగలరు. అభిమానులు ఆరాధించే ముఖాన్ని దుర్మార్గుడికి ఇవ్వడానికి నిర్మాతలు జంకారనడం అన్యాయం కాదు. పైగా, ఫ్రేమ్‌లో ఒక్కో సగాన్ని మూసి రెండుసార్లు తీసే మాస్క్ షాట్‌తో పక్కపక్కన నిలబెట్టిన ఇద్దరిని కలబడేలా చేయాలంటే డూప్ కావాలి, అదనంగా రోజులూ కావాలి.

ఎస్.జె.సూర్య తమిళంలో తీసిన ‘వాలి’ (1999) పేరుతోనే మూలకథను ఒప్పుకుంది. అందులో అజిత్ పోషించిన కవలల్లో, వినపడని, మాటరాని అన్న తమ్ముడి భార్యను కోరుకుంటాడు.

తెలుగులో ఈ పాత్రకు పూర్తి నిడివి దక్కింది 2017 సెప్టెంబరు 21న విడుదలైన ‘జై లవ కుశ’లో. కె.ఎస్.రవీంద్ర (బాబీ) దర్శకుడు, నందమూరి కల్యాణ్ రామ్ నిర్మాత. జూనియర్ ఎన్టీఆర్ మూడు పాత్రలు వేసిన ఈ చిత్రంలో పెద్దవాడు జైకి నత్తి. నాటకాల్లో చప్పట్లన్నీ తమ్ముళ్లకే దక్కుతాయి, ఇతనికి మిగిలేది ఎగతాళి. కడుపుమంటతో రంగస్థలాన్నే తగలబెడతాడు. పెద్దయ్యాక రావణుణ్ణి ఆరాధించే పెత్తందారు అవుతాడు. ఇక్కడ దర్శకుడి ఎంపిక ఆసక్తికరం. రామాయణంలో సిద్ధంగా ఉన్న అన్న వాలి. ఆయన తీసుకున్నది రావణుణ్ణి. పేరు రావణుడిదైనా, అవమానం మనసులో పెట్టుకోవడంలో, చివరికి తమ్ముళ్ల కోసం ప్రాణమివ్వడంలో జై నడిచింది వాలి బాటే. నత్తిని నవ్వులాటకు వాడుకునే అలవాటున్న మన సినిమాల్లో, అదే నత్తిని భయపెట్టే గొంతుగా మార్చడం నటుడి గొప్పతనం.

వీడియో గేముల్లో

ఆర్కేడ్ కాలంలోనే దీనికి ఒక చమత్కారమైన ఉదాహరణ ఉంది. 1987లో టెక్నోస్ జపాన్ తెచ్చిన ‘డబుల్ డ్రాగన్’లో బిల్లీ, జిమ్మీ సోదరులు ఒక అమ్మాయిని విడిపించడానికి భుజం భుజం కలిపి పోరాడతారు. శత్రువులంతా పోయాక ఆటగాళ్లిద్దరూ బతికే ఉంటే, వాళ్లు ఒకరితో ఒకరు తలపడాల్సిందే. అంతదాకా పక్కన నిలిచి ఆడిన స్నేహితుణ్ణే చివర్లో కొట్టాలి.

వర్జిల్ చరిత్ర తలకిందులుగా మొదలైంది. హిదేకి కమియా దర్శకత్వంలో 2001లో వచ్చిన తొలి ‘డెవిల్ మే క్రై’లో అతను నెలో ఏంజెలో అనే కవచధారిగా, శత్రువు చేతిలో కీలుబొమ్మగా కనిపిస్తాడు. ఓడిపోయాక మిగిలిన తాయెత్తును బట్టి నాయకుడు డాంటేకు అతను తన అన్న అని తెలుస్తుంది. అసలు కథను హిదెయాకి ఇట్సునో 2005లో మూడో ఆటలో చెప్పారు. తండ్రి స్పార్డా రాక్షసుడు, తల్లి ఎవా మనిషి. తల్లిని చంపినవాళ్లను ఎదిరించే బలం లేకపోవడమే తన లోపమనుకున్న వర్జిల్ తండ్రి శక్తి కోసం వెంపర్లాడతాడు. డాంటేది ఎర్ర కోటు, వర్జిల్‌ది నీలం కోటు. గజపుష్పి పనిని ఇక్కడ రంగే చేస్తుంది. ఆ ఆటలో అతనితో మూడుసార్లు తలపడాలి. మూడోసారి ఓడాక తమ్ముడు అందించిన చేతిని కత్తితో గీసి, పాతాళంలోకి తానే పడిపోతాడు.

ఆటకు సినిమా దగ్గర లేని వీలు ఒకటుంది. చూసేవాడే పక్షం మారవచ్చు. మూడో ఆట 2006 నాటి ప్రత్యేక కూర్పులోనే వర్జిల్‌గా ఆడే అవకాశం వచ్చింది. అన్న కత్తి యమాటో పట్టి ఆడినవాడు ఇక అన్నను దుర్మార్గుడనలేడు. 2013లో బ్రిటన్‌కు చెందిన నింజా థియరీ ఈ కథను కొత్తగా చెప్పి వర్జిల్‌కు రాజకీయ వ్యూహకర్త రూపమిచ్చింది. పాత అభిమానులకు అది రుచించలేదు.

2019 మార్చి 8న వచ్చిన అయిదో ఆటలో అతను తన కత్తితో తననే చీల్చుకుని, మనిషి సగం ‘వి’గా, రాక్షస సగం ‘యురిజెన్’గా విడిపోతాడు. తల్లి తమ్ముణ్ణి కాపాడి తనను వదిలేసిందన్నది అతని చిన్ననాటి నమ్మకం. ఆమె చివరిదాకా అతని కోసమే వెతుకుతూ చనిపోయిందని తేలుతుంది. గుహ ముంగిట బండ పెట్టిన సుగ్రీవుడి మీద వాలి పెంచుకున్న కోపానికీ దీనికీ మధ్య దూరం చాలా తక్కువ. తేడా ఏమిటంటే వర్జిల్ చావడు. పాతాళంలో చిక్కుకున్న అన్నదమ్ములిద్దరూ రాక్షసులను నరుకుతూ, మధ్యమధ్య ఒకరినొకరు కొట్టుకుంటూ, ఎవరెన్నిసార్లు గెలిచారో లెక్కపెట్టుకుంటూ ఉంటారు.