మోడల్ 100 ఫంక్షన్ కీలు: సొంత నిర్వచనాల చరిత్ర

టీఆర్‌ఎస్-80 మోడల్ 100ను 1983లో టాండీ సంస్థ తన రేడియో షాక్ దుకాణాల ద్వారా అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. సుమారు 1.4 కిలోల బరువుండే ఈ పోర్టబుల్ కంప్యూటర్‌ను జపాన్‌కు చెందిన క్యోసెరా తయారుచేయగా, లోపలి సాఫ్ట్‌వేర్‌ను మైక్రోసాఫ్ట్ అందించింది. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో గంటల తరబడి పనిచేసేది కనుక పత్రికా విలేకరులకు ఇది ఇష్టమైన యంత్రమైంది. దీని కీబోర్డు పైవరుసలో ఎఫ్1 నుంచి ఎఫ్8 దాకా ఎనిమిది ఫంక్షన్ కీలున్నాయి. బేసిక్ భాషలో ఒక్క వరుస ఆదేశంతో వీటి పనిని ఎవరైనా మార్చుకోవచ్చు. ప్రోగ్రామర్ కాని వాడుకరికి కూడా యంత్రం ప్రవర్తన మీద అధికారం ఇవ్వడమే ఈ సౌకర్యం విశిష్టత.

నేపథ్యం

పనిని సాఫ్ట్‌వేర్ నిర్ణయించే కీలు పోర్టబుల్ కంప్యూటర్లకంటే పాతవి. 1970ల తొలినాళ్లలో వచ్చిన ఐబీఎం 3270 టెర్మినళ్లలో ప్రోగ్రాం ఫంక్షన్ కీలు ఉండేవి. ఏ కీ ఏం చేయాలో అవతలి పెద్ద కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాం నిర్ణయించేది. 1972 నాటి హ్యూలెట్-ప్యాకర్డ్ 9830 డెస్క్‌టాప్ యంత్రం ఆ నిర్ణయాన్ని వాడుకరి చేతికిచ్చింది.

1981లో వచ్చిన ఆస్‌బర్న్ 1లో విడిగా ఫంక్షన్ కీలు లేవు. కంట్రోల్ కీతో కలిపి నొక్కే పది అంకెల కీలకు సెటప్ అనే ప్రోగ్రాం ద్వారా సొంత అక్షరమాలికలు ఇచ్చుకోవచ్చు. 1982లో అమ్మకానికి వచ్చిన ఎప్సన్ హెచ్‌ఎక్స్-20లో ఐదు ఫంక్షన్ కీలు ఉన్నాయి. షిఫ్ట్‌తో కలిపితే అవి పదిగా పనిచేసేవి.

కీలు, తెర, లేబుళ్లు

మోడల్ 100 ఎల్‌సీడీ తెర మీద 8 వరుసలు, వరుసకు 40 అక్షరాలు పడతాయి. లేబుల్ అనే ప్రత్యేక కీ నొక్కితే అట్టడుగు వరుసలో ఎనిమిది కీల పేర్లు కనిపిస్తాయి. ఒక్కో పేరుకు దక్కేది 5 గడులే. మళ్లీ నొక్కితే పేర్లు పోయి, ఆ వరుస రాతకు ఖాళీ అవుతుంది. చిన్న తెర మీద ఒక్క వరుస కూడా విలువైనదే కనుక దాన్ని ఉంచాలో తీసేయాలో వాడుకరికే వదిలేశారు.

టెక్స్ట్ అనే రాత ప్రోగ్రాంలో ఈ కీలు వెతకడం, ఎంచుకోవడం, కత్తిరించడం, నకలు తీయడం వంటి పనులు చేస్తాయి. ఈ పనులు రామ్‌లో కాక రోమ్‌లో స్థిరపడినవి. బేసిక్‌లోకి వెళ్లగానే అవే కీలకు వేరే అర్థాలు వస్తాయి. ఎఫ్1 ఫైళ్ల జాబితా చూపుతుంది. ఎఫ్4 ప్రోగ్రాంను నడుపుతుంది. ఎఫ్8 మెనూకు తీసుకెళ్తుంది. ఎఫ్2 మాత్రం లోడ్ అనే మాటను, దాని పక్కన ఉల్లేఖన చిహ్నాన్ని రాసి ఆగుతుంది. ఫైలు పేరు మనం టైపు చేయాలి. ఎఫ్6, ఎఫ్7లను తయారీదారులే ఖాళీగా వదిలారు.

కీ ఆదేశం

మార్పుకు వాడే ఆదేశం పేరు కీ. ఆ మాట తర్వాత కీ సంఖ్య, కామా, ఆపై ఉల్లేఖనాల మధ్య కావలసిన అక్షరాలు రాస్తే చాలు. ఒక్కో కీకి గరిష్ఠంగా 15 అక్షరాలు. చివర 13 సంఖ్య గల అక్షర సంకేతాన్ని జోడిస్తే ఎంటర్ నొక్కిన ఫలితం వచ్చి, ఆదేశం వెంటనే అమలవుతుంది. జోడించకపోతే అక్షరాలు తెర మీద నిలిచి, మిగతాది టైపు చేయడానికి అవకాశమిస్తాయి. కీ లిస్ట్ అనే ఆదేశం ప్రస్తుత నిర్వచనాలన్నీ చూపుతుంది.

ఈ నిర్వచనాలు రామ్‌లో ఉంటాయి. కీకి 16 బైట్ల చొప్పున ఎనిమిదింటికి 128 బైట్లు చాలు. అతి తక్కువ ధర నమూనాలో రామ్ 8 కిలోబైట్లే కనుక ఈ పొదుపు అవసరమైంది. స్విచ్ ఆపినా బ్యాటరీ రామ్‌ను నిలిపి ఉంచేది కాబట్టి మార్పులు చెరిగిపోయేవి కావు. తొలి స్థితికి తేవాలంటే రోమ్‌లోని 23164, 27795 చిరునామాల రొటీన్లను బేసిక్ కాల్ ఆదేశంతో పిలిచేవారు. తమకు కావలసిన నిర్వచనాలన్నీ ఒక చిన్న బేసిక్ ప్రోగ్రాంగా భద్రపరచి, మెనూ నుంచే నడిపే వీలూ ఉండేది.

కీ నొక్కడాన్ని ప్రోగ్రాం మధ్యలో సంఘటనగా పట్టుకునే పద్ధతి కూడా బేసిక్‌లో ఉంది. ఆన్ కీ గోసబ్ ఆదేశంతో ఒక్కో కీకి ఒక్కో ఉపప్రోగ్రాం కేటాయించవచ్చు. ఒక కీకి స్పందనను ప్రోగ్రాం కాసేపు ఆపి ఉంచితే, ఆ సమయంలో నొక్కిన సంగతిని యంత్రం గుర్తుంచుకుని తర్వాత స్పందిస్తుంది.

తోటి యంత్రాలు, తర్వాతి పరిణామం

క్యోసెరా రూపకల్పన నుంచే ఎన్‌ఈసీ పీసీ-8201, ఒలివెట్టి ఎం10 వచ్చాయి. ఎన్‌ఈసీ యంత్రంలో ఐదు కీలే ఉన్నాయి. మిగతా ఐదు పనులకు షిఫ్ట్ తోడు కావాలి.

ఇదే కీ ఆదేశం ఐబీఎం పీసీ బేసిక్‌లోనూ ఉంది. డాస్ వాడుకరులకు మరో దారి దొరికింది. 1983లో వచ్చిన డాస్ 2.0లోని ఆన్సీ.సిస్ డ్రైవర్, తెరకు పంపే సంకేతాలతోనే కీల అర్థం మార్చేది. ఆ స్వేచ్ఛ వెంట ప్రమాదమూ వచ్చింది. మామూలు టెక్స్ట్ ఫైలులో దాచిన సంకేతం ఒక కీని ఫైళ్లు చెరిపే ఆదేశంగా మార్చగలిగేది. ఇలాంటి సంకేతాలకు ఆన్సీ బాంబులని పేరు వచ్చింది. వాటికి భయపడి కొందరు ఆ సౌకర్యాన్నే తీసేసిన డ్రైవర్లు వాడారు.

తర్వాతి ల్యాప్‌టాప్‌లలో ఈ వరుస ఎక్కువగా శబ్దం, తెర వెలుగు వంటి తయారీదారు ముందే నిర్ణయించిన పనులకు వెళ్లింది. వాటిని మార్చాలంటే సెట్టింగులనో, వేరే సాఫ్ట్‌వేర్‌నో ఆశ్రయించాలి. మోడల్ 100లో మార్చే ఆదేశం, చూసే ఆదేశం రెండూ బేసిక్‌లోనే ఉండేవి. మోడల్ 100ను అనుకరించే వర్చువల్‌టీ అనే ఎమ్యులేటర్‌లో ఈ పద్ధతిని నేటికీ యథాతథంగా పరీక్షించవచ్చు. వాడుకరిని నమ్మి యంత్రాన్ని తీర్చిదిద్దితే అది ఎంత తేలిగ్గా లొంగుతుందో తెలుసుకోవడానికి అంతకంటే మంచి పాఠం లేదు.