డొక్కలెగరేయడం: తల్లుల మాట, వైద్యుల లెక్క

దగ్గుతో వచ్చిన పసిబిడ్డల్లో న్యుమోనియా ఎవరికుందో ఎక్స్‌రే, స్టెతస్కోపు లేకుండా తేల్చగలమా? పాపువా న్యూగినీలోని గోరోకాలో పనిచేసిన ఫ్రాంక్ షాన్, ఆయన సహచరులు 1984లో దీనికి జవాబు ప్రకటించారు. నిమిషానికి యాభైకి మించి ఊపిరి తీసే బిడ్డకు యాంటీబయాటిక్ ఇవ్వాలి; ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే ఆస్పత్రిలో చేర్చాలి. 1816లో లెనెక్ స్టెతస్కోపు కనిపెట్టినప్పటినుంచీ చెవికి పెద్దపీట వేసిన వైద్యం మళ్ళీ కంటిని నమ్మడం నేర్చుకుంది.

తల్లులకు ఆ కన్ను ఎప్పుడూ ఉంది. తెలుగునాట "డొక్కలెగరేస్తున్నాడు" అంటారు. హిందీ ప్రాంతాల్లో "పస్లీ చల్నా", అంటే పక్కటెముకలు కదలడం. ఇవి రోగం పేర్లు కావు, కళ్ళారా చూసిన లక్షణాలు. చిక్కల్లా కారణం దగ్గరే. చలిగాలి అనో, దిష్టి అనో భావించినచోట బిడ్డకు వాతలు పెట్టారు. మధ్యప్రదేశ్‌లోని షహడోల్ జిల్లాలో 2023లో కూడా అలా వాతలు పడిన పసిపిల్ల చనిపోయింది. దాన్ని ఒట్టి అజ్ఞానమని కొట్టిపారేయలేను. రోగం ప్రాణాంతకమని ఆ ఇంటివారికి తెలుసు, మందు ఎక్కడుందో తెలియలేదు.

ఈ రెండింటి నడుమ వంతెన కట్టినవారు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు. వారు పనిచేసిన గడ్చిరోలి మనకు పరాయిదేమీ కాదు. ఆ జిల్లా దక్షిణపు కొసనున్న సిరొంచలో తెలుగు వినిపిస్తుంది. 58 గ్రామాల్లో తల్లిదండ్రులకు న్యుమోనియా లక్షణాలు వివరించి, గ్రామ ఆరోగ్య కార్యకర్తలకూ మంత్రసానులకూ కోట్రైమాక్సజోల్ ఇవ్వడం నేర్పారు. 1990లో లాన్సెట్‌లో వెలువడిన ఫలితాల ప్రకారం, అయిదేళ్ళలోపు పిల్లల్లో న్యుమోనియా మరణాలు అక్కడ వెయ్యికి 8.1, పోల్చి చూసిన 44 గ్రామాల్లో 17.5.

యాభైదాకా లెక్కపెట్టలేని మంత్రసానులకోసం పూసలచట్రం ఒకటి తయారుచేశారు. పది శ్వాసలకో పూస జరపాలి. గడియారానికి బదులు ఒక నిమిషం ఇసుకగడియ. ఇసుక జారిపోయేలోగా ఎర్రపూస దాకా వస్తే న్యుమోనియా. ఇంత తేలికైన పరికరాన్ని నా వైద్యవిద్యలో నేనెన్నడూ చూడలేదు.

చూసివుంటే బాగుండేది. 1990ల మధ్యలో నేను హౌస్‌సర్జన్‌గా ఉండగా, ఒకామె "డొక్కలెగరేస్తున్నాడయ్యా" అంటూ ఏడాది నిండని కొడుకును తెచ్చింది. వీపుమీద స్టెతస్కోపు పెట్టాను, ఏమీ వినపడలేదు. చొక్కా పూర్తిగా విప్పి చూడలేదు. దగ్గుమందు రాసి పంపేశాను. మర్నాడు నీలం తిరిగిన పెదవులతో తిరిగొచ్చాడు. ఆక్సిజన్ మీద ఆరు రోజులున్నాక బతికాడు. ఆమె నన్ను ఒక్కమాటా అనలేదు.

ఇప్పటికీ సర్వేలలో "న్యుమోనియా అంటే తెలుసా?" అని అడిగి, తెలియదన్నవారిని అవగాహన లేనివారి లెక్కలో వేస్తుంటారు. డొక్కల సంగతి అడిగితే లెక్క మారుతుంది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2014లో నియమాలు సవరించి, డొక్కలెగరేస్తున్నా ఇతర ప్రమాదచిహ్నాలు లేని బిడ్డకు ఇంటివద్దే అమాక్సిసిలిన్ ఇవ్వవచ్చంది. అంటే రాత్రంతా బిడ్డను కనిపెట్టుకుని ఉండాల్సింది తల్లే: పాలు తాగుతున్నాడా, మగతగా ఉన్నాడా, ఊపిరి ఇంకా వేగం పుంజుకుందా?