బుల్డోజర్ పోయి తేనెపెట్టె వచ్చింది

1984లో విల్ రైట్ అనే అమెరికన్ కుర్రాడు ‘రెయిడ్ ఆన్ బంగెలింగ్ బే’ అనే కంప్యూటర్ గేమ్ తయారుచేశాడు. అందులో ఆటగాడి పని ఒక్కటే. హెలికాప్టర్లో తిరుగుతూ దీవుల మీది ఫ్యాక్టరీలపై బాంబులు వెయ్యడం. ఆ దీవులను గీసుకోవడానికి రైట్ తన కోసం ఓ చిన్న పనిముట్టు రాసుకున్నాడు. దాంతో రోడ్లు వేస్తూ, భవనాలు పేరుస్తూ కూర్చుంటే అదే ఆటకన్నా సరదాగా ఉన్నట్టు అనిపించింది. ఆ సరదాయే ముదిరి 1989లో ‘సిమ్‌సిటీ’ అయింది. తరిమే శత్రువు లేడు, ఇదీ గెలుపని చెప్పే గీత లేదు. ఊరు పెరుగుతుంటే చూసుకుంటూ పోవడమే. ఇవాళ మనసుకు హాయినిచ్చే ఆటలని పేరుపడ్డ వాటికి పెద్ద దిక్కు అదే. కాకపోతే అందులో అడవి అంటే బుల్డోజర్ చదును చేయాల్సిన జాగా.

తర్వాత రైట్ దృష్టి ప్రకృతి మీదికి మళ్లింది. భూగోళమంతా ఒకే ప్రాణిలా తనను తాను సర్దుకుంటుందని చెప్పిన బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ లవ్‌లాక్ ఆలోచనే 1990లో వచ్చిన ‘సిమ్ఎర్త్’కు ఆధారం. లవ్‌లాక్, ఆండ్రూ వాట్సన్ కలిసి 1983లో ప్రతిపాదించిన డైసీల లోకం కూడా అందులో ఉంది. నల్ల డైసీలు ఎండను పీల్చి నేలను వెచ్చబరుస్తాయి, తెల్లవి తిప్పికొట్టి చల్లబరుస్తాయి. సూర్యుడి వేడి పెరిగేకొద్దీ తెల్లవి ఎక్కువై, ఉష్ణోగ్రత దాదాపు నిలకడగా ఉంటుంది. పాఠంగా చూస్తే అద్భుతం. ఆటగా మాత్రం సామాన్యుడికి కొరకరాని కొయ్యే.

పురుగుల వంతు 1991లో ‘సిమ్‌యాంట్’తో వచ్చింది. ఎడ్వర్డ్ విల్సన్, బెర్ట్ హోల్‌డోబ్లర్ చీమల మీద రాసిన భారీ గ్రంథం అంతకు ముందు ఏడాదే వెలువడింది. రైట్‌కు ప్రేరణ అదే. ఒక పెరట్లో నల్ల చీమల పుట్టను ఎర్ర చీమల మీద నెగ్గించాలి. ఒక్కో చీమకూ విడిగా హుకుం జారీచేసే వీల్లేదు. అవి వదిలే వాసన బాట ఎటుంటే మిగతావి అటే పోతాయి.

తేనెటీగ ఆటల్లోకి వచ్చింది గానీ, చాలాకాలం తేనె కోసమే. 2016లో ఎరిక్ బరోన్ ఒంటిచేత్తో తయారుచేసిన ‘స్టార్‌డ్యూ వ్యాలీ’నే తీసుకోండి. పొలం గట్టున తేనెపెట్టె పెడితే, చలికాలం తప్ప మిగతా రోజుల్లో నాలుగు రోజులకోసారి తేనె ఇస్తుంది. దగ్గర్లో ఏ పువ్వుంటే ఆ పూతేనె, దాని ధర దానిదే. ఇంత ముచ్చటగా అల్లిన ఆటలో పంట పండటానికి మాత్రం తేనెటీగ అక్కర్లేదు. ఉన్నా లేకపోయినా గుమ్మడి కాస్తుంది.

అసలు లోకంలో పరిస్థితి వేరు. 2006 చివర్లో అమెరికాలో పెంపకందారుల పెట్టెలు ఉన్నట్టుండి ఖాళీ కావడం మొదలైంది. రాణి ఉంటుంది, పిల్ల పురుగులుంటాయి, తేనె ఉంటుంది. పనిచేసే ఈగలే ఉండవు. ఆ వార్త పత్రికలకెక్కాక తేనెటీగ పర్యావరణ చర్చలకు ముఖచిత్రమైంది. ఆటలూ ఆ దారే పట్టాయి.

2019 నవంబరులో పోలెండ్ నుంచి ‘బీ సిమ్యులేటర్’ వచ్చింది. ఆటగాడే తేనెటీగ. తోటి ఈగల నృత్యం చూసి పూల జాడ పట్టాలి. ఆ నృత్యాన్ని చదివి చెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ వచ్చింది. నిట్టనిలువు గీత నుంచి ఈగ ఎంత వాలి నడిస్తే, సూర్యుడి నుంచి అంత పక్కకు పూలున్నట్టు. నడుము ఊపుతూ ఎంతసేపు సాగితే అంత దూరం. మరుసటి నెలలో ‘మైన్‌క్రాఫ్ట్’లోకీ తేనెటీగలొచ్చాయి. పుప్పొడి మోసుకెళ్లి పంటను ఎదిగిస్తాయి, కుట్టిన కాసేపటికి చచ్చిపోతాయి. పట్టు కింద మంట పెట్టి పొగ రాజేస్తే కోపం తెచ్చుకోవు. 2022లో వచ్చిన ‘అపికో’ అయితే ఆసాంతం తేనెటీగల పెంపకమే.

తిరగబడ్డ సిమ్‌సిటీ అనదగ్గది 2023 మార్చిలో విడుదలైన ‘టెర్రా నిల్’. తయారుచేసింది దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌కు చెందిన ఫ్రీ లైవ్స్. కనిపించిందల్లా పేల్చేసే ‘బ్రోఫోర్స్’తో పేరు తెచ్చుకున్న సంస్థ ఇది. రైట్ లాగే వీళ్లూ బాంబుల నుంచే వచ్చారు!

ఆట ఎండిన బీడుతో మొదలవుతుంది. గాలిమర నిలిపి, మట్టిలో విషం తీసి, నీరు పారిస్తే గడ్డి మొలుస్తుంది. తేనెపెట్టెలు పెడితే ఆ గడ్డి నేల పూలపొదలతో నిండుతుంది. కావాలని నిప్పంటించి, ఆ బూడిదలో అడవి పెంచాలి. ఆఖరికి పెట్టిన ప్రతి యంత్రాన్నీ విప్పి, ఎయిర్‌షిప్‌లో ఎక్కించుకుని వెళ్లిపోవాలి. మనిషి గుర్తు మిగలకపోవడమే గెలుపు.

ఆ పూలపొదలు కల్పన కాదు. కేప్ ప్రాంతానికే సొంతమైన ఫిన్‌బోస్ అవి. ఆ చిన్న ప్రాంతంలో సుమారు 9,000 జాతుల మొక్కలున్నాయి. వాటిలో ఎన్నిటికో విత్తనం మొలకెత్తాలంటే మంటో పొగో తగలాలి. అక్కడి అడవి తేనెటీగ బండల సందుల్లో గూడు కట్టి, చెట్ల జిగురుతో వాకిలి మూసుకుంటుంది. మంట దాటిపోయేదాకా దాచుకున్న తేనెతో లోపలే గడిపి, కాలిన నేలలో తొలి పూలు విచ్చాక బయటికొస్తుంది. అంటే ఆట వరస తిరగేసింది. ఆటలో పెట్టె ముందు, పువ్వు వెనక. కొండ మీద పువ్వు పూశాకే ఈగకు పని.

పెట్టె పెడితే చాలన్న ఈ ఊహ చిన్న తప్పేమీ కాదు. 1990 ప్రాంతంలో పెంపకందారులు కేప్ తేనెటీగలను ఉత్తరాన ఉన్న ప్రాంతాలకు తరలించారు. ఈ జాతి కూలీ ఈగలు మగ ఈగతో కలవకుండానే ఆడ ఈగలను కనగలవు. అవి పరాయి పెట్టెల్లో చొరబడి రాణుల్లా గుడ్లు పెట్టుకుంటూ పోయాయి. పనిచేసేవాళ్లు కరవై ఆ పట్టులు వేలకొద్దీ కూలిపోయాయి. ఎక్కడ పెట్టె దించితే అక్కడ ప్రకృతి కోలుకుంటుందనే మాట ఆటలో చెల్లుతుంది, నేల మీద చెల్లదు. పైగా ప్రపంచంలో తేనెటీగల కోవకు చెందిన జాతులు సుమారు 20,000 ఉంటే, చాలావాటికి రాణీ లేదు, తేనెపట్టూ లేదు. ఒంటరిగా మట్టిలోనో పుల్లల్లోనో బతుకుతాయి. ఆటల్లో వాటికి చోటు తక్కువే.

హైదరాబాద్‌లో గేమ్‌లు తయారుచేసే కుర్రాళ్లు ఇలాంటి ఆట తలపెడితే, నల్లమలలో చెంచులు తాళ్లు కట్టుకు దిగి తేనె తీసే కొండ తేనెటీగను చూడాలి. అది పెట్టెలో ఇమడదు. పూల కాలాన్ని బట్టి వలసపోతుంది, మళ్లీ అదే చెట్టుకో అదే బండకో తిరిగొస్తుంది. ఆటగాడి చేతికి తేనెపెట్టె ఇవ్వకండి. చెట్టును, బండను కాపాడే పని అప్పజెప్పండి, ఈగ రావాలో వద్దో దాని ఇష్టానికే వదిలేయండి.