వెలుగును విడిచిన ఆర్కిడ్లు

ఐరోపా అడవులలో, బీచ్ చెట్ల దట్టమైన నీడన, ఎండుటాకుల నడుమనుండి వేసవి ఆరంభంలో తేనెరంగు పూకాడ ఒకటి పైకి వస్తుంది. దానికి పచ్చని ఆకు ఒక్కటీ ఉండదు. వేళ్లు పుల్లలతో అల్లిన గూడువలె చిక్కుపడి ఉండడంచేత దానికి పక్షిగూటి ఆర్కిడ్ అని పేరు వచ్చింది. 1753లో లిన్నేయస్ ఇచ్చిన లాటిన్ పేరుకు కూడా అర్థం అదే. పచ్చదనం లేని ఈ మొక్క ఏమి తిని బ్రతుకుతున్నదో చాలకాలంవరకు ఎవరికీ స్పష్టపడలేదు.

1899లో ఫ్రాన్సు దేశంలో ఫాంటెన్‌బ్లో అడవిలో తిరుగుతూ నోయెల్ బెర్నార్ అనే ఇరవైఐదేండ్ల యువకుడు ఈ మొక్క కాయలు కొన్ని ఆకుల క్రింద పూడిపోయి ఉండడం చూచినాడు. లోపల గింజలు మొలకెత్తి ఉన్నవి. ఆర్కిడ్ గింజ ధూళివంటిది. మొలకకు కావలసిన ఆహారం దానిలో నిలువ ఉండదు. బెర్నార్ సూక్ష్మదర్శినిలో పరీక్షింపగా ప్రతి మొలకలోను శిలీంధ్రపు దారాలు కనిపించినవి. శిలీంధ్రం వచ్చి చేరనిదే ఆర్కిడ్ గింజ మొలవదని అతడు గ్రహించినాడు. 1911లో, ముప్పయ్యారేండ్లకే, ఆయన కన్నుమూసినాడు.

పచ్చని ఆర్కిడ్లకు శిలీంధ్రం బాల్యంలో దాదివంటిది. పక్షిగూటి ఆర్కిడ్ మాత్రం జీవితాంతం దానినే ఆశ్రయించి ఉంటుంది. చెట్టు ఎండలో సంపాదించిన చక్కెర వేళ్లద్వారా శిలీంధ్రానికి చేరుతుంది. శిలీంధ్రంనుండి దానిని ఆర్కిడ్ గుంజుకుంటుంది. రెండు చేతులు మారిన సొత్తు అన్నమాట! ఇక్కడ ఒక మాట చెప్పవలె. మన మామిడికొమ్మలమీద పెరిగే ఆర్కిడ్లను ఈ కోవలో చేర్చరాదు. వానికి చెట్టు నిలువ నీడ మాత్రమే. అవి పచ్చని ఆకులతో తమ ఆహారం తాము వండుకుంటవి.

ఆ వంట జరిగేది హరితరేణువులో. దానికి ప్రత్యేకమైన గ్రంథం ఒకటి ఉన్నది. ఒకనాడు స్వతంత్రంగా జీవించిన సూక్ష్మజీవి కణంలో ప్రవేశించి హరితరేణువు అయినదని 1905లోనే రష్యా శాస్త్రజ్ఞుడు మెరెజ్కోవ్‌స్కీ వాదించినాడు. హరితరేణువులో డి.ఎన్.ఏ. ఉన్నదని 1962లో ఒక నాచుమొక్కలో రిస్, ప్లాట్ అనే ఇద్దరు చూపినారు. 1986లో జపానువారు పొగాకు హరితరేణువు గ్రంథాన్ని ఆద్యంతం చదివినారు. అందులో దాదాపు 1,56,000 అక్షరాలు. పచ్చని మొక్కలలో సాధారణంగా ఈ గ్రంథంలో 110 జన్యువులవరకు ఉంటవి.

మరి వంటే మానుకున్న మొక్కలో ఆ గ్రంథం ఏమైనది? తొలి జవాబు ఆర్కిడ్లనుండి రాలేదు. బీచ్ చెట్ల వేళ్లనంటి బ్రతికే ఒక అమెరికా మొక్కలో గ్రంథం 70,028 అక్షరాలకు తగ్గినట్లు 1992లో తేలింది. 2011లో పక్షిగూటి ఆర్కిడ్ గ్రంథాన్ని చదువగా 92,060 అక్షరాలు వచ్చినవి. తాళపత్రాలకు ప్రతులు వ్రాసే లేఖకుని తలచుకుంటే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. నిత్యం పారాయణం చేసే అధ్యాయంలో తప్పు దొర్లితే వెంటనే పట్టుబడుతుంది. ఎవరూ చదవని అధ్యాయంలో తప్పులు పేరుకుంటవి. కొన్నాళ్లకు ఆకులే జారిపోతవి. ఉత్తర అమెరికాలోని పగడపువేరు ఆర్కిడ్లలో ఒకటి ఇంకా తొలిదశలోనే ఉన్నదని 2012లో కనుగొన్నారు. దాని గ్రంథంలో 1,37,505 అక్షరాలు మిగిలి ఉన్నవి.

వీటన్నిటిలో విచిత్రమైనది పశ్చిమ ఆస్ట్రేలియాలోని భూగర్భ ఆర్కిడ్. 1928లో కొరిగిన్ సమీపాన జాక్ ట్రాట్ అనే రైతు తన పొలంలో దీనిని చూచినాడు. ఇది పూవు పూచేది కూడ మట్టిలోపలనే! దీని గ్రంథం 59,190 అక్షరాలని 2011లో ప్రకటించినారు. అందులో మాంసకృత్తులను నిర్దేశించే జన్యువులు ఇరవై మాత్రమే. 2015లో ఎపిపోజియం రోజియం అనే ఆర్కిడ్‌లో అది 19 వేల అక్షరాలకు దిగింది.

అయినా పూర్తిగా పోలేదు. ఎందుచేత? మిగిలినవానిలో కొన్ని గ్రంథాన్ని చదివే యంత్రాంగానికి సంబంధించినవి. ఒకటి కొవ్వు ఆమ్లాల తయారీకి, మరొకటి చెడిన మాంసకృత్తులను తొలగించడానికి. శ్వాసక్రియకు కావలసిన హీమ్ అనే పదార్థం తయారీకి తొలిమెట్టు అయిన చిన్న జన్యువే ఈ గ్రంథాన్ని నిలుపుతున్నదని కొందరి అభిప్రాయం. హరితరేణువు కేవలం ఎండను పట్టే పరికరం కాదని, అది కణానికి అనేక విధాల కర్మాగారమని ఈ ఆర్కిడ్లు మనకు నేర్పినవి. ఈ క్రమాన్ని క్షీణత అని పిలవడం నాకు అంత సమ్మతం కాదు. పని లేనిదానిని వదలి, పని ఉన్నదానిని పట్టుకున్న మొక్క ఇది.

భూగర్భ ఆర్కిడ్‌కు మాత్రం ప్రమాదం మరొకవైపునుండి వచ్చింది. అది పుట్టిన నేల ఇప్పుడు గోధుమపొలాలు. అతి కొద్ది చోట్ల మాత్రమే అది మిగిలి ఉన్నది. చీపురుపొద అని అక్కడివారు పిలిచే ఒక పొద ఆకులు పీల్చిన బొగ్గుపులుసు వాయువులోని కర్బనం, శిలీంధ్రంద్వారా ఈ ఆర్కిడ్‌కు చేరుతున్నదని 2010లో ప్రయోగపూర్వకంగా చూపినారు. ఆ పొదను నరికినచోట శిలీంధ్రానికి చక్కెర అందదు, ఆర్కిడ్‌కు శిలీంధ్రం ఉండదు.