ముఖపరిచయానికి యంత్రాలు

పేరు తెలియకపోయినా, మాట కలపకపోయినా, ఒకే చోట పదే పదే ఎదురుపడడం వల్ల ఇద్దరి మధ్య ఏర్పడే ఎరుకను తెలుగులో ముఖపరిచయం అంటారు. స్నేహానికీ అపరిచయానికీ నడుమ నిలిచే ఈ పలుచని సంబంధమే రైలు ప్లాట్‌ఫారాలు, బస్‌స్టాపులు, టీ కొట్ల వంటి ఉమ్మడి తావుల్లో మనిషిని నిశ్చింతగా మసలనిస్తుంది. చేతిలోకి ఫోన్ వచ్చాక ఈ సంబంధానికి ఊతమివ్వాలని చేసిన ప్రయత్నాలు అనేకం ఉన్నా, అది తన హద్దుల్లోనే సంపూర్ణమైనదని గ్రహించినవి మాత్రం కొన్నే.

ఈ విషయాన్ని మొదట శ్రద్ధగా పరిశీలించినవాడు న్యూయార్క్ సిటీ యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు స్టాన్లీ మిల్‌గ్రామ్. ఆయన విద్యార్థులు ఒక స్టేషన్‌లో ఉదయపు రైలు కోసం నిలబడినవారిని ఫొటోలు తీసి, వాటిలోని ఒక్కొక్క మనిషికీ ఒక్కొక్క అంకె వేసి, వారం తర్వాత అదే వేళకు అదే ప్లాట్‌ఫారానికి వెళ్లి ఆ ప్రతులను ప్రయాణికులకే పంచారు. ప్రతివారికీ సగటున నలుగురు మాటల్లేని ముఖపరిచయస్తులు ఉన్నారనీ, కనీసం ఒక్కరినైనా గుర్తుపట్టినవారు పదిమందిలో తొమ్మిదిమంది దాకా ఉన్నారనీ తేలింది. 1972లో వెలువడిన వ్యాసంలో మిల్‌గ్రామ్ వీరిని ‘తెలిసిన అపరిచితులు’ అన్నాడు. ఇది సంబంధం లేకపోవడం కాదనీ, మాట్లాడుకోకూడదన్న మౌన అంగీకారంతో ఇరువైపులా నిలబెట్టుకుంటున్న నిజమైన సంబంధమనీ ఆయన నిర్ధారణ. బ్రూక్లిన్‌లో ఒక మహిళ వీధిలో కుప్పకూలినప్పుడు, ఏళ్ల తరబడి ఆమెను చూస్తూ ఒక్కమాటైనా ఆడని మరొక మహిళ ముందుకొచ్చి, అంబులెన్స్‌లో ఆసుపత్రి దాకా వెంట వెళ్లిన సంగతిని ఆయన ఇందుకు ఉదాహరణగా చూపాడు. ఆ మౌనం లోపల ఎంత బాధ్యత దాగి ఉందో ఈ ఒక్క సంఘటనే చెబుతుంది.

తొలి యంత్రాలు ఈ మౌనాన్ని లోపంగా భావించాయి. 1998లో జపాన్ విపణిలోకి వచ్చిన లవ్‌గెటీ అనే అరచేతి పరికరం స్త్రీలకొక రకం, పురుషులకొక రకంగా తయారై, కొద్ది మీటర్ల దూరంలో తన జోడు పరికరం ఉంటే కూతపెట్టి, దీపం వెలిగించి ఇద్దరినీ ఎదురెదురు నిలబెట్టేది. న్యూయార్క్‌లో డెనిస్ క్రౌలీ, అలెక్స్ రైనర్ట్ 2000లో మొదలుపెట్టిన డాడ్జ్‌బాల్ అనే సేవలో తానున్న చోటు పేరును ఎస్సెమ్మెస్‌గా పంపితే, స్నేహితులకే కాక చుట్టుపక్కల పది వీధుల్లో ఉన్న స్నేహితుల స్నేహితులకు కూడా కబురు అందేది. 2005లో గూగుల్ కొన్న ఈ సేవ 2009లో మూతపడింది.

వీటికి భిన్నమైన ఆలోచన బర్క్‌లీలోని ఇంటెల్ పరిశోధనశాలలో పుట్టింది. ఎరిక్ పౌలోస్, ఎలిజబెత్ గుడ్‌మన్ మిల్‌గ్రామ్ ఫొటోల పద్ధతినే ఆ ఊరి కూడలిలో తిరిగి అమలుచేసి, మూడు దశాబ్దాలు గడిచినా ముఖపరిచయం ఇంకా నిలిచే ఉందని గమనించి, 2004లో జాబర్‌వాకీ అనే నమూనాను వివరించారు. ఇందుకు ఆధారం బ్లూటూత్, అంటే సుమారు పది మీటర్ల లోపలి పరికరాలు తీగ లేకుండా సంకేతాలు మార్చుకునే పద్ధతి. ప్రతి పరికరానికీ ఉండే ప్రత్యేక సంఖ్యను ఫోన్ గుర్తుపెట్టుకుని, ఆ సంఖ్య మళ్లీ సమీపించినప్పుడు తెరమీద రంగు గుర్తుగా చూపేది. పేరు లేదు, ఫొటో లేదు, పలకరించమన్న ప్రోత్సాహం అసలే లేదు. కొత్తచోట అడుగుపెట్టినవారికి, ఇక్కడున్నవారిలో కొందరు ఇంతకుముందు ఎక్కడో తారసపడినవారే అన్న ఊరట ఇవ్వడమే దాని పని. జనంలో విస్తృతంగా వ్యాపించకపోయినా, ఈ చరిత్రలో మిల్‌గ్రామ్‌ను సరిగ్గా చదువుకున్న యంత్రం ఇదేనని చెప్పాలి.

ఆ ఆలోచనను లక్షల జేబుల్లోకి చేర్చింది మాత్రం ఆట. జపాన్‌లో దారిలో ఎదురై దాటిపోవడాన్ని ‘సురెచిగాయ్’ అంటారు. 2009 జులైలో విడుదలైన డ్రాగన్ క్వెస్ట్ 9 ఆడేవారు ఆ పేరుగల సదుపాయంతో నిధి పటాలు మార్చుకోవడానికి టోక్యోలోని అకిహబరలో గుమికూడేవారు. 2011లో వచ్చిన నింటెండో 3డీఎస్ అనే అరచేతి ఆటపరికరంలో అదే స్ట్రీట్‌పాస్ అయింది. మూతవేసి సంచిలో పడేసిన పరికరం, అలాంటిదే మరొకటి పక్కనుంచి వెళ్తే తనంతట తానే పలకరింపు అందుకుని ఆకుపచ్చ దీపం వెలిగించేది. ఇంటికెళ్లి మూత తెరిస్తే, దాటిపోయిన మనిషి బొమ్మ తెరమీదికి నడిచొచ్చి, ఒక చిన్న మాట చెప్పి, అది ఎన్నో కలయికో కూడా తెలిపేది. రోజూ ఒకే రైలెక్కే ఇద్దరి మధ్య ఆ అంకె నెలల తరబడి పెరుగుతూ పోయినా, వారిలో ఎవరూ తలెత్తి చూడవలసిన అవసరం ఉండేది కాదు. 2017లో వచ్చిన స్విచ్ అనే ఆటపరికరంలో నింటెండో ఈ సదుపాయాన్ని కొనసాగించకపోవడం నిజమైన నష్టమే.

సమీపించిన ఫోన్‌ను పేరు లేకుండా గుర్తుపెట్టుకునే ఈ పద్ధతి తెలుగువారి చేతుల్లోకి పెద్దఎత్తున చేరింది 2020 ఏప్రిల్ 2న విడుదలైన ఆరోగ్య సేతు యాప్‌తో. బర్క్‌లీలో ఊరటకు గుర్తుగా నమోదైన సామీప్యమే ఇక్కడ కోవిడ్ సోకే అవకాశంగా నమోదైంది. కోవిడ్ కట్టడి కోసం అప్పటికే ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. రోజూ అవే ముఖాలు ఎదురయ్యే హైదరాబాద్ ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల ప్లాట్‌ఫారాలు ఏడాదికి పైగా ఖాళీగా ఉండి, 2021 జూన్‌లో గానీ తిరిగి తెరుచుకోలేదు.